నిమిషానికి నూట ఎనభై

చి. టకటకకు,

నానమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. పక్కింటి టైలరు సంగతి మాత్రం చెప్పలేను. నువ్వు పంపిన పాటలు మొదటిరోజు స్పీకర్లో పెడితే పరుగున వచ్చాడు. “పెద్దమ్మగారూ, మీ మిషనేదో విరిగినట్టుంది, చూడమంటారా?” అన్నాడు. “మిషను కాదు నాయనా, సంగీతం. మా మనవరాలు పంపింది” అన్నాను. పాపం, “శుభం” అని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి హెడ్‌ఫోన్‌లోనే వింటున్నాను.

చెవులు నొప్పెట్టాయా అని అడిగావు. ఇరవై తొమ్మిదేళ్ళు టెలిగ్రాఫ్ ఆఫీసులో చెవులకు ఇలాంటివే తగిలించుకుని టక్కుటిక్కులు విన్నదాన్నే. అడుగున పడే ఆ దెబ్బను మీరు ‘కిక్’ అంటారని రాశావు. తంతి ఆఫీసు మనిషిని తన్నులతో బెదిరిస్తావుటే?

‘తప్పకుండా వినాల్సిన అయిదు ఆల్బమ్‌లు’ అని నువ్విచ్చిన జాబితా మొత్తం విన్నాను. ఒక్కోటి రెండుసార్లు. అట్ట మీద ఇనుప కటకటాల బొమ్మ ఉన్నదాంట్లో వేగముంది, విషయం లేదు. ‘అతి జరూరు’ అని ముద్ర కొట్టి ‘మేము క్షేమం’ అని తంతి పంపినట్టుంది. కుక్క కోరల అట్టలో ఒకడు ఆద్యంతం అరుస్తాడు. వినపడుతూనే ఉంది నాయనా, అంత అవస్థ ఎందుకు? ఇద్దరమ్మాయిలు కలిసి చేసినది మాత్రం ఎవరికైనా చెప్పదగ్గది. ఆ ఊపులో వారం బట్టలూ ఇస్త్రీ చేసి, ఆగలేక కర్టెన్లు కూడా దించాను. నాలుగోదాంట్లో పదినిమిషాల పాటకు ఎనిమిది నిమిషాలు ‘వస్తున్నా, వస్తున్నా’ అనడమే. అచ్చం మీ తాతయ్య భోజనానికి లేచినట్టు.

ఇక అయిదోది. నల్ల అట్ట, పేరు లేదు. ఎవరిదో తెలియదని రాశావు. అబద్ధం కూడా వేగంగానే ఆడావు.

మా రోజుల్లో అవతలి ఊరి ఆపరేటరు మొహం ఎన్నడూ చూసేవాళ్ళం కాదు. అయినా పది అక్షరాలు వచ్చేసరికి, మీట కొట్టే తీరును బట్టి ఎవరో తెలిసిపోయేది. ‘ఇది ఫలానావారి చెయ్యి’ అనుకునేవాళ్ళం. నీ అయిదో ఆల్బమ్‌లో ప్రతి నాలుగో దెబ్బా వెంట్రుకవాసి ముందు పడుతుంది. అయిదేళ్ళప్పుడు స్టీలు డబ్బా మూత మీద వాయించి ఇల్లెగరగొట్టినప్పుడూ అంతే, నాలుగోది ఆగేది కాదు. నీకా ముద్దుపేరు ఊరికే వచ్చిందా? పేరు దాచావు సరే, చెయ్యి ఎక్కడ దాస్తావే?

గడియారం ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి నూట ఎనభై. ఒక్కటీ తడబడలేదు. అయిదింటిలో మొదటి స్థానం నీదే. పక్షపాతం ఉందనుకో. అది తీసేసి మళ్ళీ మార్కులు వేశాను, అయినా నీదే. పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే ముందు ఈ సంగతి చెప్పి, తర్వాత తెరిచాను.

నీ చివరి ప్రశ్నకు జవాబు ఇంతదాకా వాయిదా వేశాను. నీ పాటల వేగం నూట నలభైకి దించితే ఈ ఏడే విడుదల చేస్తామని, లేకపోతే లేదని రికార్డు కంపెనీ ఆయన అన్నాడన్నావు. ఏం చెయ్యమంటావని అడిగావు. మీ అమ్మ కూడా ఫోన్ చేసింది. “అత్తయ్యా, మీరు చెబితే వింటుంది. కాస్త తగ్గించుకోమని రాయండి” అంది. సరేనన్నాను. ఈ ఉత్తరం మొదలుపెట్టింది అందుకే. రెండు కాగితాలు రాసి చింపేశాను.

నా మణికట్టు నొప్పి వల్ల ఆఫీసులో వేగం తగ్గిందని మీరంతా విన్నదే. నా మణికట్టు ఎప్పుడూ నొప్పెట్టలేదు. ఆఫీసు మొత్తానికి వేగమైన చెయ్యి నాది. సూపరింటెండెంటు పిలిచి, “అవతలివాళ్ళు అందుకోలేకపోతున్నారమ్మా. కాస్త నెమ్మదిగా పంపు. ఆడవాళ్ళ చెయ్యి మెత్తగా ఉంటేనే అందం” అన్నాడు. ఎవరికైనా ఒకటంటే నాలుగు అప్పజెప్పే నేను, ఆ రోజు తలూపి వచ్చాను. ఒక వారమే కదా అనుకున్నాను. పందొమ్మిదేళ్ళు అలాగే పంపాను. ఇంట్లో చెప్పుకోలేక నొప్పి అన్నాను. మీ తాతయ్య నమ్మి, రోజూ నూనె రాసి మర్దనా చేసేవారు. ఆయన పోయేదాకా నిజం చెప్పలేదు. నీకే మొదటిసారి చెబుతున్నాను.

నెమ్మదించిన నెల్లాళ్ళకు, పదేళ్ళుగా నన్నెరిగిన అవతలి ఆపరేటరు నా సందేశం మధ్యలో ఆపి అడిగాడు: ‘కొత్తగా చేరారా? మీ పేరు?’

తగ్గించకే తల్లీ. అందుకోలేకపోతే అది వాళ్ళ చెవుల సంగతి. మీ అమ్మకు నేను చెప్పుకుంటాను, ఆ కోపమేదో నా మీదే పడనీ. ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు వస్తుంది. అందాకా నేనెక్కడికీ పోను.

ఇట్లు,
నిన్ను చూసుకుని మిడిసిపడుతున్న
నానమ్మ