నేను టైప్ చేయని ప్రశ్న

16 జూన్ 2025, సోమవారం. ఉదయం 7.40

కొత్త బ్యాచ్ మొదలైంది. మాదాపూర్ స్టూడియోలో సిస్టమ్ ఆన్ చేశా. కెమెరా, మైకు, బోర్డు, రికార్డింగ్ ఓకే. తెల్లాపూర్ బ్రాంచి కనెక్ట్ అయింది. కోకాపేట పిల్లలు మాత్రం కనిపిస్తున్నారు, వినిపించడం లేదు. కిష్టయ్యకు ఫోన్ చేశా. రెండు బ్రాంచీలకూ అటెండరు, ఎలక్ట్రీషియన్, ఆపద్బాంధవుడు అన్నీ ఆయనే. జర ఆగు మేడమ్, ఎవడో మైకు ప్లగ్గు పీకి ఫోన్ ఛార్జింగ్ పెట్టిండు అన్నాడు.

నా ఉద్యోగమేంటో హాస్టల్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాదు. ఐఐటీ కోచింగ్. మాస్టారు ఇక్కడ ఖాళీ స్టూడియోలో పాఠం చెబుతారు. పిల్లలు అక్కడ రెండు బ్రాంచీల్లో కూర్చుని పెద్ద తెర మీద వింటారు. డౌట్ వస్తే డెస్కు మీద బటన్ నొక్కుతారు, నా ప్యానెల్ మీద లైటు వెలుగుతుంది. నేను మైకు తెరిస్తేనే వాళ్ల మాట స్టూడియో స్పీకర్‌లోనూ నా హెడ్‌ఫోన్స్‌లోనూ వినిపిస్తుంది. ఎకో వస్తుందని రెండో బ్రాంచికి వెళ్లకుండా ఆపేశాం. అంటే ఎవరి గొంతు మాస్టారి దాకా వెళ్లాలో తేల్చేది నేనే. నా జీతం చూస్తే ఎవరూ నమ్మరు.

18 జూన్, బుధవారం

రామబ్రహ్మం సార్‌కు వినపడటం లేదు.

ఆయనది ఫిజిక్స్. ఊరు కాకినాడ. యాభై ఎనిమిదేళ్లు. ఏసీ రిమోట్‌తో కూడా అండి పెట్టి మాట్లాడే మనిషి. ఇవాళ తెల్లాపూర్ నుంచి ఒకమ్మాయి కొలతల యూనిట్ల గురించి అడిగింది. సిలబస్ డిసెంబరుకల్లా అయిపోతుందమ్మా అని సార్ జవాబిచ్చారు. పిల్లలు నవ్వారు. ఎందుకో తెలియక ఆయనా నవ్వారు.

19 జూన్, గురువారం

నా బూత్ అద్దానికి పైన సార్‌కు ఎదురుగా ఒక టీవీ ఉంటుంది. పిల్లలు ఆయనకు అందులోనే కనిపిస్తారు. దాని అడుగున ఒక పట్టీ. నేను టైప్ చేస్తే అక్షరాలు అక్కడ వస్తాయి. ఇంకో ఐదు నిమిషాలే ఉన్నాయి లాంటి కబుర్లు రాయడానికి పెట్టారు. పిల్లలకు కనపడదు. ఇవాళ కోకాపేట అబ్బాయి ప్రశ్న అడుగుతుండగానే అందులో టైప్ చేసేశా. సార్ చదివారు. తర్వాత చక్కగా జవాబు చెప్పారు.

క్లాసయ్యాక అద్దం దగ్గరికొచ్చి, ఆ అక్షరాలు ఇంకాస్త పెద్దవి వస్తాయా అమ్మా అన్నారు. వస్తాయి సార్ అన్నా. అంతే.

1 జూలై, మంగళవారం

ఇవాళ ఆయనే చెప్పారు. కుడి చెవి పోయి మూడేళ్లయిందట. ఎడమది కూడా ఈ వేసవిలో సగం పోయిందట. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొస్తారు. చెవి మిషన్ జేబులోనే ఉంది గానీ స్టూడియో స్పీకర్ దగ్గర పెట్టుకుంటే కీచుమంటుందట. ఉద్యోగం ఏడాదికోసారి కాంట్రాక్టు. ‘లైవ్ ఇంటరాక్షన్’ అని ఫ్లైఓవర్ పక్కన హోర్డింగు పెట్టిన సంస్థ, వినపడని మాస్టారిని ఎందుకుంచుకుంటుందండి అన్నారు. వాళ్లమ్మాయి వాసంతి డెంటల్ చదువుతోంది. ఇంకో రెండేళ్లు లాగితే చాలట.

నేను ఎవరికీ చెప్పను సార్ అన్నా. అనేటప్పుడు చాలా గొప్పగా అనిపించింది.

11 జూలై, శుక్రవారం

మా ఇద్దరికీ బాగా కుదిరింది. సార్ ప్రశ్న అయ్యేదాకా తల వంచుకొని వింటున్నట్టు ఉంటారు, తర్వాత టీవీ చూసి జవాబిస్తారు. ఎవరికీ అనుమానం రాలేదు.

కోకాపేటలో ఒకడు ఇవాళ, సార్ గింత మెల్లగ చెప్తుండ్రు, ఇంజన్‌ల ఆయిల్ అయిపోయిందా అన్నాడు. అది టైప్ చేయలేదు. ఇంకొకడు, ఏం సమజ్ కాలే, మళ్ల చెప్పుండ్రి అన్నాడు. దాన్ని ‘దయచేసి ఇంకోసారి వివరిస్తారా సార్’ అని రాశా. క్లాసయ్యాక సార్, కోకాపేట పిల్లలు ఎంత మర్యాదస్తులండి అన్నారు. నవ్వాపుకోలేక చచ్చా.

17 జూలై, గురువారం

అడిగిందే అడిగితే టైప్ చేయడం మానేశా. సిలబస్‌లో లేనివి కూడా. క్లాసు చక్కగా సాగుతోంది. అకడమిక్ హెడ్ ఉదయశ్రీ మేడమ్, రామబ్రహ్మం సార్ సెషన్స్ ఈమధ్య చాలా స్మూత్‌గా ఉన్నాయి అన్నారు. ఆ మెప్పులో సగం నాదే అనుకున్నా.

24 జూలై, గురువారం. సాయంత్రం 4.10

రాయాలి. ఇవాళే రాయాలి.

క్లాసు మధ్యలో ఉదయశ్రీ మేడమ్ ఎవరో ఇద్దరు పెద్దమనుషులను తీసుకొచ్చి నా కుర్చీ వెనక నిలబెట్టారు. కొత్త బ్రాంచికి పెట్టుబడి పెట్టేవాళ్లట. నా మానిటర్ మీద ఏం టైప్ చేసినా వాళ్లకు కనపడుతుంది. అప్పుడు తెల్లాపూర్ లైటు వెలిగింది. రసజ్ఞ. తక్కువ మాట్లాడుతుంది, ఎప్పుడూ పనికొచ్చేదే అడుగుతుంది. మైకు తెరిచా. సార్, బ్లాక్ పైకి పోతుంటే ఫ్రిక్షన్ కిందికి ఉండాలె కదా, మీరు పైకి గీసిండ్రు అంది. నా హెడ్‌ఫోన్స్‌లో ప్రతి అక్షరం స్పష్టంగా వినపడింది, నా వెనక ఉన్నవాళ్లకు మాత్రం ఆ పిల్ల మాట వినపడదు.

బోర్డు చూశా. బాణం పైకే ఉంది. నాది ఎలక్ట్రానిక్స్ డిప్లొమానే, కానీ రెండేళ్లుగా ఇదే పాఠం వింటున్నా. ఆ పిల్ల చెప్పింది నిజమని అప్పుడే తెలిసింది. టైప్ చేస్తే మేడమ్ చదువుతారు. సార్ తప్పూ బయటపడుతుంది, మా పట్టీ గుట్టూ బయటపడుతుంది. చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి, కదల్లేదు. ఆమె రెండోసారి అడిగింది. సార్ తలెత్తి టీవీ చూశారు. పట్టీ ఖాళీ. డౌట్స్ ఏమీ లేవన్నమాట, గుడ్ అని చిరునవ్వు నవ్వి తర్వాతి లైను రాశారు. మూడోసారి ఆ పిల్ల, సార్ నాది తప్పా అంది.

నేను మైకు మూసేశా.

పెద్దమనుషులు ఎక్సలెంట్ అంటూ వెళ్లిపోయారు. రేపు పొద్దున్నే సార్‌తో చెబుతా. క్లాసులో దిద్దుకుంటారు. ఇందులో కొంపలు మునిగేదేమీ లేదు.

25 జూలై, శుక్రవారం

సార్ సెలవు. భార్యకు కంటి ఆపరేషన్. ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఆయన ఫోన్‌లో వినలేరు. మెసేజ్ పెట్టొచ్చు. టైప్ చేసి చెరిపేశా.

26 జూలై, శనివారం

వీక్లీ టెస్టు. ఏడో ప్రశ్న అదే మోడల్.

28 జూలై, సోమవారం

పేపర్లు దిద్దుతుంటే సార్‌కే తెలిసింది. క్లాసు మొదట్లోనే, తప్పు నాదేనర్రా, బాణం తిరగేసి గీశాను అని ఒప్పుకొని మళ్లీ చేసి చూపించారు. అక్కడితో ఆగితే బాగుండేది. రెండు బ్రాంచీల్లో కలిపి తొంభై మంది ఉన్నారు, ఒక్కరికీ అనుమానం రాలేదా, నేనేం రాస్తే అది కాపీ కొట్టేయడమేనా అని కోప్పడ్డారు.

తెల్లాపూర్ లైటు వెలిగింది. రసజ్ఞ తెర మీద నిలబడి ఉంది.

మైకు తెరవలేదు. లైటు దానంతట అదే ఆరిపోయింది.

29 జూలై, మంగళవారం

టెస్టు ర్యాంకులు వచ్చాయి. ఇక్కడ ప్రతి టెస్టుకూ సెక్షన్లు మారతాయి. టాప్ బ్యాచ్‌లో ఒక్కో బ్రాంచికి నలభై ఐదు మందికే చోటు. తెల్లాపూర్‌లో రసజ్ఞది నలభై ఏడో ర్యాంకు. ఏడో ప్రశ్నను మొదట సరిగ్గా చేసి, కొట్టేసి, సార్ చెప్పినట్టు రాసిందట. పేపర్లో ఆ కొట్టివేత కనపడుతోందని సార్ ఎంతో బాధపడుతూ నాకే చెప్పారు.

కిష్టయ్యను అడిగా. ఏడ్వలే మేడమ్, గమ్మున బ్యాగు సర్దుకొని పక్క రూమ్‌కు పోయింది, అది చూస్తే నాకు మంచిగ అనిపియ్యలే అన్నాడు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఊడింది నా నాలుకైతే బాగుండేది.

30 జూలై, బుధవారం. మధ్యాహ్నం 1.15

రసజ్ఞ వాళ్లమ్మ మెయిల్ పెట్టింది. ఆమె ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. మా పాప మూడుసార్లు అడిగింది, సార్ విని నవ్వి వదిలేశారు, పైగా ఎవరూ అడగలేదని తిట్టారు, రికార్డింగ్ చూడండి అని టైముతో సహా రాసింది. రేపటికి క్లిప్ తీసి పెట్టమని మేడమ్ ఆర్డర్.

డిలీట్ చేసే పర్మిషన్ నాకుంది. స్టోరేజ్ నిండిపోయిందంటే నమ్ముతారు కూడా.

సాయంత్రం 6.00

అమ్మకు ఫోన్ చేశా. అమ్మ తెనాలిలో నర్సుగా చేసి రిటైరైంది. అంతా విని, పేషెంటు బాధపడతాడని చార్టులో జ్వరం తక్కువ వేస్తామా సెలీనా అంది. తర్వాత అన్నం తిన్నావా అని అడిగింది. క్లిప్ కట్ చేసి మేడమ్ ఫోల్డర్‌లో పెట్టా.

31 జూలై, గురువారం

మీటింగ్ స్టూడియోలోనే. సార్ ఎప్పుడూ నిలబడే చోటే కుర్చీ వేశారు. మేడమ్ ఆయనకు ఎదురుగా, నా అద్దానికి వీపు పెట్టి కూర్చున్నారు. ఎవరూ నన్నేమీ అడగలేదు అండి అని సార్ గట్టిగా చెప్పడం పెదాలను బట్టి తెలిసింది. మేడమ్ చెయ్యెత్తారు. క్లిప్ ప్లే చేశా.

రసజ్ఞ గొంతు స్పీకర్‌లో మోగుతోంది. సార్ ఎప్పటిలాగే తల వంచి విన్నారు. తర్వాత తలెత్తి టీవీ చూశారు. నా కోసం చూశారు.

ఈసారి టైప్ చేశా. ఆ పిల్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు. కింద, ‘మూడుసార్లు అడిగింది సార్. నేను మీకు రాయలేదు. మైకు మూసింది నేనే’ అని రాశా.

ఆయన చదివారు. ముఖంలో రంగు పోయింది. మేడమ్ తల తిప్పి చూస్తే చాలు, అంతా అయిపోతుంది. తిప్పలేదు. సార్ మళ్లీ ఆవిడ వైపు చూసి, విన్నానండి, టైం చాలదని వదిలేశాను, నాదే తప్పు అన్నారు.

రేపు లైవ్‌లో ఆ అమ్మాయికి సారీ చెప్పమని మేడమ్ తీర్మానించారు.

లిఫ్ట్ దగ్గర సార్ కాళ్ల మీద పడినంత పని చేశా. ఆయన కోప్పడలేదు. మీరు నా మంచికే చేశారమ్మా, అది తెలుసు, కానీ తప్పు చేస్తే దిద్దుకోవడం నాకు చేతనవును, తప్పని తెలియనివ్వకపోతే ఎలా దిద్దుకోను అన్నారు. లిఫ్ట్ వచ్చింది. ఎక్కి వెళ్లిపోయారు.

1 ఆగస్టు, శుక్రవారం

లైవ్‌లో సార్ సారీ చెప్పారు. అంతటితో ఆగలేదు. జేబులోంచి చెవి మిషన్ తీసి కెమెరాకు చూపించారు. నాకు వినపడదు నాన్నా, మూడేళ్లుగా దాచాను, ఆ అమ్మాయి మాట నాకు చేరలేదు, ఆమెదే రైటు అన్నారు. నా పేరు ఎత్తలేదు.

రెండు బ్రాంచీల్లోనూ ఎవరూ నవ్వలేదు. బూత్‌లో నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చా.

4 ఆగస్టు, సోమవారం

మేడమ్ క్యాబిన్‌కు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేశా. ఆవిడ ల్యాప్‌టాప్ మూసి, సెలీనా, ఈ మ్యాటర్ క్లోజ్డ్ అన్నారు. పిల్లల ఏ ప్రశ్న మాస్టారికి వెళ్లాలో ఆపరేటర్ తేలుస్తోందని పేరెంట్స్‌కు తెలిస్తే ఏమవుతుందో ఆలోచించావా అని అడిగారు. నా ఉద్యోగం పోలేదు. పోతుందనుకొని వెళ్లినదాన్ని, మామూలుగా సీట్లోకొచ్చి కూర్చున్నా.

సార్‌నీ తీసేయరట. వచ్చే వారం నుంచి లైవ్ ఉండదు, రికార్డెడ్ లెక్చర్లే. రికార్డింగ్‌కు చెవులతో పనేముంది అని మేడమ్ మంచి మనసుతోనే అన్నారు. ఇంకో రెండేళ్లకు ఢోకా లేదన్నమాట. సార్ థాంక్స్ అండి అన్నారట.

8 ఆగస్టు, శుక్రవారం. ఉదయం 8.05

తెల్లాపూర్ రెండో బ్యాచ్ రూమ్‌లో మైకు టెస్టు చేయాలని కిష్టయ్యతో అబద్ధమాడి, రసజ్ఞను డెస్కు దగ్గరికి పిలిపించా. ఆ రోజు నీది తప్పు కాదు, సార్‌కు నీ మాట చేరకుండా మైకు మూసింది నేను అని చెప్పా. ఆ పిల్ల, నాకు మళ్ల టాప్ బ్యాచ్‌ల సీటిస్తరా అక్కా అని అడిగింది. అది నా చేతిలో లేదన్నా. ఇగ నాకెందుకు చెప్తున్నవ్ అని బటన్ నొక్కి కట్ చేసింది.

11 ఆగస్టు, సోమవారం

మొదటి రికార్డింగ్. ఎదురు టీవీ నల్లగా ఉంది, అందులో పిల్లలెవరూ లేరు. సార్ లెక్క పూర్తి చేసి, డౌట్స్ అండి అని ఆగి, తలెత్తి అటే చూస్తూ నిలబడ్డారు. ఇరవై సెకన్లు. రెండో లైనులో ఆయన ద్రవ్యరాశి వేయడం మరిచిపోయారు. అదే పట్టీలో టైప్ చేశా. చదివి, బోర్డు చూసుకొని, తుడిచి, మళ్లీ రాశారు.

ఆ ఇరవై సెకన్ల ఖాళీ కట్ చేసి ఫైల్ పంపమని మేడమ్ మెయిల్. ఇంకా చేయలేదు.