నాన్న పళ్లు చూసిన మనిషి

కెల్డ్‌బెక్,
1952 నవంబరు 9, ఆదివారం.

తమ్ముడు విల్ఫ్రెడ్‌కు,

అక్క డోర్కస్ దీవించి రాస్తున్నది. నాన్నా నేనూ బాగానే ఉన్నాం. గొర్రెలు కొండ దిగాయి. నీ దగ్గు తగ్గిందనుకుంటాను.

నువ్వు లీడ్స్‌లో ఉన్నావు కాబట్టి ఒక సంగతి కనుక్కోవాలి. మంగళవారం రిడ్లీ అనే మనిషి సైకిల్ మీద మన ఇంటికి వచ్చాడు. విశ్వవిద్యాలయం పంపిందని, పల్లెల్లో పాత మాటలు రాసుకుంటున్నానని చెప్పాడు. అలాంటి ఉద్యోగం నిజంగా ఉందా?

ముందు నాన్నను నోరు తెరవమన్నాడు. పళ్లన్నీ సొంతవేనా, చెవులు వినిపిస్తాయా, ఈ ఊరు విడిచి ఎప్పుడైనా ఉన్నారా అని అడిగాడు. సంతలో గుర్రాన్ని బేరమాడేవాడు కూడా అంత నిదానంగా చూడడు. తర్వాత లావుపాటి పుస్తకం తీశాడు. ఏ వస్తువు పేరూ తను పలకడు. గడ్డి దాచుకునే ఆ కొట్టాన్ని ఏమంటారండీ అని కిటికీలోంచి చూపించి, పెన్సిలు పట్టుకుని కూర్చుంటాడు.

నాన్న లేథ్ అన్నాడు. బార్న్ అనాలి నాన్నా అని నేను దిద్దాను. లేథ్ అన్నందుకు బడిలో నా అరచేతులు వాచడం నీకు గుర్తుండే ఉంటుంది. రిడ్లీ నా వైపు తిరిగి, తప్పేం కాదండీ, వెయ్యేళ్ల కిందట ఓడల్లో వచ్చిన నార్వే వాళ్లు ఇక్కడ వదిలిపోయిన మాట అది అన్నాడు. తీపిగా మాట్లాడేవాణ్ణి నేను మరీ నమ్మను.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. పందులుండే చోటు, వాటికి పోసే కుడితి, వాటిని కోసే బల్ల, అన్నీ వరసపెట్టి అడిగాడు. ఈ రేషన్ రోజుల్లో మనకు అనుమతి రెండు పందులకే. మూడోది మరీ చిన్నగా పుట్టింది, బతకదనుకుని ఆహారశాఖ కాగితంలో రాయలేదు. అది బతికింది. ఇప్పుడు వంటింటి వెనక బొగ్గుల కొట్లో ఉంది, నాకంటే బరువు. తెలిస్తే మూడింటినీ తోలుకుపోతారు. డెబ్బై నాలుగేళ్ల నాన్నను కోర్టులో నిలబెడతారు.

ఒక ఈతలో అన్నిటికన్నా చిన్నగా పుట్టిన పిల్లను ఏమంటారని అడిగాడు. రెక్లింగ్ అన్నాడు నాన్న, హుషారుగా. బయటికి తోసేసినది అని పాత అర్థం కావచ్చు, అలాంటివి బతుకుతాయా అండీ అన్నాడు రిడ్లీ. పొయ్యికి దగ్గరగా పెట్టుకుంటే ఎందుకు బతకవయ్యా అన్నాడు నాన్న! నేను చేతిలో కెటిల్ వదిలేశాను. నీళ్లు అతని బూట్ల మీద పడ్డాయి. అతను నాన్న అన్న ఆ ముక్క కూడా రాసుకున్నాడు.

పక్కింటి మార్తా కోట్స్‌కు చెప్పాను. పందిపిల్లను ఏమంటారో తెలియనివాడు కచ్చితంగా ప్రభుత్వం మనిషేనే డోర్కస్ అంది. కిందటేడు పై ఊళ్లోకి బ్రష్షులమ్మే వేషంలో ఆహారశాఖవాడొకడు వచ్చాడట.

ఆ రాత్రే నాన్నకు గట్టిగా చెప్పాను, ఇక ఏమడిగినా బడి ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ఊరుకో అని. సరేలే టీచరమ్మా అని పైపు ముట్టించాడు. బుధవారం అలాగే చేశాడు. రిడ్లీ ముఖం వేలాడేసుకుని వెళ్లాడు. గురువారం నేను సంతకు వెళ్లి వచ్చేసరికి అతను ఊరు విడిచిపోయాడు. పుస్తకం నిండిందట. ఏం చెప్పావు నాన్నా అంటే పైపు వెతుక్కుంటాడు. బొగ్గుల కొట్టు గడియ మాత్రం నేను వేసినట్టు లేదు.

కనుక నువ్వు విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఆ మనిషి నిజంగా అక్కడివాడేనా చూడు. కాకపోతే శనివారంలోగా పందిని కోసేయాలి. వెంటనే జవాబు రాయి.

నీ అక్క,
డోర్కస్

తా.క. కవరు అంటించబోతుంటే నాన్న చూసి, విల్ఫ్రెడ్‌కెందుకు రాస్తావే, వాడికి అంతా తెలుసు అన్నాడు. వేసవిలో నువ్వు గడ్డి కోతకు వచ్చినప్పుడు, పాత మాటలు చెప్పడానికి తన పేరు విశ్వవిద్యాలయానికి రాసి పంపమని నిన్ను అడిగింది తనేనట. గురువారం ఆ కొట్టు తలుపు తీసి చూపించిందీ తనేనట. రిడ్లీ పంది వీపు గోకి, భలే రెక్లింగండీ అన్నాడట. ఆ మూడు రోజుల్లో నాన్న చెప్పిన పేర్లలో అతను తన నోటితో తిరిగి అన్నది అదొక్కటే.

ఎందుకిలా చేశావని అడిగాను. మీ అమ్మ పోయాక నేనొక మాటంటే ఆ మాటే తిరిగి అనేవాళ్లు ఈ ఇంట్లో లేరే, నేనేమన్నా నువ్వు దిద్దుతావు అన్నాడు.

నువ్వు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. సాయంత్రం కుడితి బకెట్టు తీసుకెళ్లి, రెక్లింగ్ అని పిలిచాను. పంది తల ఎత్తలేదు. గుమ్మంలో కూర్చున్న నాన్న ఎత్తాడు.