కాఫీ ఇవ్వు, అడ్వాన్సు తీసుకోకు

నాన్నా, కోర్టుకి వెళ్తున్నా. మనకి స్థలం అమ్ముతానని అగ్రిమెంటు రాసిచ్చి, రేటు పెరగ్గానే మాట మార్చిన పెద్దమనిషి ఇవాళ ఇంటికొస్తాడట. అడ్వాన్సు వెనక్కి తీసుకోమని బతిమాలతాడు. కుర్చీ వెయ్యి, కాఫీ ఇవ్వు, డబ్బు మాత్రం ముట్టుకోకు. మొహమాటపడి తీసుకున్నావంటే ఒప్పందం వదులుకున్నట్టే, కేసు గోవిందా! మిగతా సొమ్ముతో మేం సిద్ధం, రిజిస్ట్రేషన్ చేయించండని జడ్జిగారినే అడుగుతా.

"పోనీలేమ్మా, ఇంకోటి చూసుకుందాం" అని నిన్న అన్నావు చూడు, నాకు ఒళ్ళు మండింది. కొట్టు కట్టాక నీ కుట్టుమిషను ఎక్కడుండాలో ఆ స్థలంలో పుల్లతో గీసి చూపించింది ఎవరు?

మర్చిపోయా. వానకి ఆ గీత చెరిగిపోయిందని బెంగపడకు. అప్పుడే ఫోటో తీసుకుని ప్లాను గీసేశా. కిటికీ నీ ఎడమవైపే పెట్టా.