కింది గీత ఖాళీగా ఉంది

అల్లా పేరుతో.

ముందు ఒక రోజు సంగతి రాస్తాను. అది తెలియకపోతే తరువాతి పంపకాలు అర్థం కావు.

1986 జూన్ 18, బుధవారం. నా భార్య జబేదా బింతి కాసిం ఆఖరి రోజు. పొద్దున ఆసుపత్రి మంచం మీదే లేచి కూర్చుని నా చొక్కా కాలరు సరిచేసింది. "ఇవాళ తొందరగా రండి అబాంగ్. మీ మంత్రులకేం, మీరు లేకపోయినా మాట్లాడుతూనే ఉంటారు" అంది. నన్ను అబాంగ్ అనే పిలిచేది. పదింటికి మంత్రిమండలి కూర్చుంది. నేను మండలి కార్యదర్శిని. సమావేశం జరుగుతుండగా తలుపు తెరవకూడదు. పదకొండింటికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. బంట్రోతు సమద్ ఆ కబురు చీటీ మీద రాసుకుని తలుపు బయట రెండు గంటలు నిలబడ్డాడు. తలుపు నియమం రాసినవాణ్ణి నేనే.

ఆ రోజు మండలి ఒక తీర్మానం చేసింది. కొత్త రేవుకు అడ్డుపడుతున్న తంజుంగ్ లోకాన్ జాలరులు తొమ్మిది మందిని విచారణ లేకుండా ఏడాదిపాటు నిర్బంధించాలి. ఇద్దరు మంత్రులు వద్దన్నారు. మినిట్స్‌లో నేను "ఏకగ్రీవంగా" అని రాశాను. అలాగే రాయాలి. గది దాటాక మండలికి ఒకటే నోరు.

ఉత్తర్వు మీద పైన తువాంకు, అంటే మా రాజుగారి, సంతకం ఉంటుంది. కింది గీత మీద మంత్రి సంతకం ఉంటుంది. కిందిదే ముందు పడాలి. దీనికి జవాబుదారీ నాది అని మంత్రి ఒప్పుకున్న తరువాతే కాగితం రాజభవనానికి వెళ్ళాలి. రాజు తన పేరు ఇస్తాడు, అంతే. రేపు తప్పని తేలితే పార్లమెంటులో నిలబడి మాటలు పడేది మంత్రి. అప్పటిదాకా ఇరవై ఆరేళ్ళలో ఆ వరుస నేను ఎన్నడూ తప్పలేదు.

ఆ రోజు హోం మంత్రి దాతుక్ షంసీర్ భోజనానికి వెళ్ళారు. మూడింటికి వస్తానన్నారు. చీటీ నా చేతికి ఒంటిగంటకు అందింది. రాజభవనం ఆసుపత్రికి వెళ్ళే దారిలోనే ఉంది. పై సంతకం ముందు చేయించుకుందామనుకున్నాను. తువాంకు కాగితం చూసి, "మంత్రి సంతకం ఏదీ?" అన్నారు. "తిరిగి వెళ్ళేటప్పుడు చేయిస్తాను, తువాంకు" అన్నాను. ఆయన నా ముఖం చూశారు. "మీ ఇంటావిడకి ఎలా ఉంది?" అన్నారు. జేబులోంచి సమద్ చీటీ తీసి చూపించాను. ఆయన సంతకం చేసి, "వెళ్ళండి, వెళ్ళండి" అన్నారు. అక్కడి నుంచే ఆఫీసుకు ఫోను చేసి "అయింది" అన్నాను. ఆ ఒక్క మాట మీద పోలీసులు సాయంత్రానికి తొమ్మిది మందినీ పట్టుకున్నారు.

రెండుంబావుకు ఆసుపత్రి చేరాను. "పని అయిందా?" అంది జబేదా. "అయింది" అన్నాను. మూడింటికి ఐదు నిమిషాల ముందు పోయింది. నాకు నలభై నిమిషాలు దొరికాయి.

ఇక వీలునామా.

రద్జువాన్ బిన్ ఇద్రుస్ అనే నేను, వయసు యాభై ఎనిమిది, కువాలా మెరంతి పాత మసీదు వీధి నివాసిని, పూర్తి తెలివితో దీన్ని రాస్తున్నాను. ఎవరి బలవంతమూ లేదని కూడా రాయాలి. అది రాయలేను. శుక్రవారం నుంచి వీధి మొదట్లో ఒక నల్ల కారు ఆగి ఉంది. అందులో ఇద్దరున్నారు. తిండికి కూడా ఒకరి తరువాత ఒకరు వెళుతున్నారు. నాకు భయంగా ఉంది. అయితే భయానికి నా బుద్ధి చెడలేదు.

1. నన్ను జబేదా పక్కన పూడ్చాలి. ఆ చోటు చెప్పి ఉంచాను. ఒకవేళ నా శరీరం దొరక్కపోతే ఆ చోటును నా కోసం అట్టేపెట్టవద్దు. వీధిలో ఎవరికి అవసరమైతే వారికి ఇవ్వండి.

2. జబ్బు వల్ల జబేదా ఈ ఏడు ముప్పై ఉపవాసాలూ చేయలేకపోయింది. రోజుకు ఒక కొలత చొప్పున పేదలకు బియ్యం ఇవ్వాలి. కోలుకోకుండానే పోయింది కనుక అవసరం లేదని ఇమాం హాజీ తాలిబ్ అన్నారు. ఆమె అడిగింది. ఇవ్వండి. మంచి బియ్యం ఇవ్వండి, నూకలు కాదు.

3. ఇల్లు, ఇంటి వెనక కొబ్బరి చెట్లు మా మత ధర్మం ప్రకారం పంచాలి. సగం నా కూతురు నోర్లియాకు. మిగిలింది నా తమ్ముడు ఫడ్లీకి. అతని వాటా తగ్గించే అధికారం నాకు లేదు. ఉంటే తగ్గించేవాణ్ణి. ఫడ్లీ దాతుక్ షంసీర్ కారు నడుపుతాడు. ఇవాళ మధ్యాహ్నం వచ్చి అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ, "అన్నా, ఆ కాగితం దాతుక్‌కి ఇచ్చేసి పింఛను తీసుకోవయ్యా. చేపలు పట్టేవాళ్ళ మీద నీకింత ప్రేమేంటి? నీకు గాలానికి ఎర గుచ్చడం కూడా రాదు" అన్నాడు. నవ్వొచ్చింది. అది నిజమే. గుమ్మం దిగుతూ, నా వైపు చూడకుండా, "వాళ్ళు ఊరికే కూర్చోలేదన్నా ఆ కారులో" అన్నాడు. బెదిరించడానికి అన్నాడో, చెప్పిపోదామనే వచ్చాడో నాకు తెలియలేదు. ఈ ఒక్క అనుమానం వల్ల నా సైకిలు కూడా అతనికే ఇస్తున్నాను. వారసుడికి వాటాకు మించి ఇస్తున్నాను కనుక నోర్లియా దీనికి ఒప్పుకోవాలని కోరుతున్నాను.

4. మా మత ధర్మం నా ఇష్టానికి వదిలిన మూడో వంతు ఆస్తిలో బియ్యానికి, కింది చిన్న వస్తువులకు పోను మిగిలినది తంజుంగ్ లోకాన్‌లోని ఆ తొమ్మిది ఇళ్ళకు సమంగా చెందాలి. ఇది దానం కాదు. కారణం రాస్తున్నాను.

ఏడో రోజు ప్రార్థనలు అయ్యాక నా సంచి తెరిచాను. ఉత్తర్వు అందులోనే ఉంది. కింది గీత ఖాళీగా ఉంది. మర్నాడు దాతుక్ దగ్గరికి పట్టుకెళ్ళాను. చూసి నా వైపే తోశారు. "ఊరంతా మండిపోతోంది, ఇప్పుడెందుకయ్యా తొందర? నీ దగ్గరే ఉంచు" అన్నారు. రేవు పని సాఫీగా సాగితే సంతకం చేస్తారు. గొడవ ముదిరితే తన చెయ్యి పడలేదంటారు. అది నాకు అర్థమైంది. అర్థమయ్యీ కాగితం మడిచి తెచ్చుకున్నాను. బయటపెడితే, ఫోనులో "అయింది" అన్నవాణ్ణి నేనని తెలుస్తుంది. అలా దాదాపు మూడు నెలలు ఊరుకున్నాను.

ఆ తొమ్మిది మందిలో ఒకరికి ఊపిరితిత్తుల జబ్బు. ఆయన భార్య, అందరూ 'మా జా' అని పిలిచే ఆవిడ, ప్రతి బుధవారం సచివాలయం గేటు దగ్గరికి వస్తుంది. నా ఆఫీసు కారు అద్దం దగ్గర వంగి, "బాబూ, వదలమని అడగట్లేదు. ఒక్క అరగంట చూపించండి. బతికున్నాడో లేదో చూసుకుని పోతాను" అంటుంది. ఆమెకు అరగంట దొరకలేదు. నాకు నలభై నిమిషాలు దొరికాయి. ఆ వరుస తప్పినందుకు సిగ్గుపడుతున్నాను. ఆ నలభై నిమిషాలు వద్దనుకోవడం మాత్రం ఇప్పటికీ నా వల్ల కావడం లేదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది అదే.

5. నా బల్ల మీద నల్ల కలం ఒకటి ఉంది. అది నాది కాదు. దాతుక్ షంసీర్‌కు తిరిగి ఇచ్చేయాలి. తొమ్మిది కుటుంబాలూ కోర్టుకు వెళ్ళాయి. అసలు ఉత్తర్వు సోమవారం తెమ్మని హైకోర్టు చెప్పింది. అందుకని ఆయన శుక్రవారం నమాజు అయ్యాక మా ఇంటికి వచ్చారు. జబేదా కుర్చీలో కూర్చుని కలం తీశారు. "ఒక్క గీత, రద్జువాన్. జూన్ తేదీ వేస్తాను. నీ తప్పూ పోతుంది, నా తలనొప్పీ పోతుంది" అన్నారు. కాగితం ఇంట్లో లేదన్నాను. "ఆలోచించుకో. కింద నా పేరు లేకపోతే కోర్టులో కనబడేది తువాంకు సంతకం ఒక్కటే. తొమ్మిది మందిని రాజే జైల్లో పెట్టాడంటారు. ఆయన ఉప్పు తిన్నవాడివి, నీకది బాగుంటుందా?" అన్నారు. లేచి వెళుతూ, "మీ అమ్మాయి నర్సు కదూ? ఒక్కతే బస్సులో వస్తుందటగా డ్యూటీకి?" అన్నారు. కలం బల్ల మీదే వదిలి వెళ్ళారు.

ఆయన ప్రశ్నకు జవాబు ఇక్కడ రాస్తున్నాను. మంత్రి సంతకం లేని రాజు సంతకం ఉత్తర్వు కాదు. అది కాగితం మీద సిరా. తువాంకు ఎవరినీ జైల్లో పెట్టలేదు. ఒంటరిగా పెట్టే అధికారం మా రాజ్యాంగం ఆయనకు ఇవ్వలేదు. ఆ తొమ్మిది మంది ఎనభై ఎనిమిది రోజులుగా ఎవరి ఆజ్ఞా లేకుండా లోపల ఉన్నారు. ఆ గీత మీద ఇవాళ సంతకం పడితే, ఏడాదంతా అక్కడే ఉంటారు.

6. నా రేడియో బంట్రోతు సమద్‌కు. చీటీ ఆలస్యమైంది తన వల్లేనని అతను ఇంకా బాధపడుతున్నాడు. తప్పు అతనిది కాదు.

7. జబేదా పాఠాల నోటుపుస్తకాలు, సుద్దముక్కల డబ్బా ఆమె బడిలోనే పనిచేసే మహానీ టీచరుకు. ఐదో తరగతికి ప్రభుత్వం గురించిన పాఠం జబేదా ఆటలా చెప్పేది. ఒక పిల్లకు అట్ట కిరీటం పెట్టి, అయిదుగురిని మంత్రులను చేసేది. "కిరీటం ఒకరికి, చీవాట్లు ఇంకొకరికి. ఇంత మంచి ఏర్పాటు మన ఇంట్లోనే లేదు" అని నన్ను దెప్పేది. ఆ అట్ట కిరీటం అలమారలో ఉంది. అదీ మహానీకే. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెకే అప్పగిస్తున్నాను. ఫడ్లీ పెద్దగా అరుస్తాడు. ఆమె ఇంకా పెద్దగా అరవగలదు.

8. నోర్లియాకు, వాళ్ళమ్మ బట్టలకు గుచ్చుకునే బ్రూచి నిన్ననే చేతికిచ్చాను. ఎందుకని అడగలేదు. ఆమెను వారం రోజులు సెలవు పెట్టి అత్తగారి ఊరు వెళ్ళమన్నాను. వెళ్ళింది. బస్సు కదిలేదాకా నిలబడ్డాను.

9. తువాంకుకు ఇవ్వదగినది నా దగ్గర ఏమీ లేదు. ఆయన నా మీద జాలిపడి నియమం తప్పారు. ఆయన చేత తప్పించినవాణ్ణి నేను. క్షమాపణ మాత్రం అందజేయాలి.

ఉత్తర్వు ఎక్కడుందో ఇందులో రాయను. ఈ వీలునామా ముందుగా ఎవరి చేతికి చిక్కుతుందో తెలియదు.

దీని మీద నేను ముందు సంతకం చేస్తున్నాను. నా సంతకం కళ్ళారా చూసి సాక్షులు తరువాత చేస్తారు. ఈసారి వరుస తప్పడం లేదు.

రేపు తెల్లవారి నమాజు చేసుకుని, ఇంటి ముందు తలుపు నుంచే బయటికి వస్తాను. కారు పక్కనుంచే రేవుకు నడుస్తాను. పా మాన్ పడవలో ఏరు దాటి, కాగితం ఉన్నచోట తీసుకుని, తొమ్మిదికి ముందే హైకోర్టు రిజిస్ట్రారు చేతికిస్తాను. ఫోను చేసింది నేనేనని చెబుతాను. జేబులో కలం పెట్టుకోను.

కువాలా మెరంతి
ఆదివారం, 1986 సెప్టెంబరు 14 (1407 ముహర్రం 9)

(సంతకం) రద్జువాన్ బిన్ ఇద్రుస్

సాక్షులు:
1. హాజీ తాలిబ్ బిన్ యూనుస్, ఇమాం, పాత మసీదు
2. ఒస్మాన్ బిన్ దెరామన్ (పా మాన్), పడవ నడిపేవాడు