దక్షిణం వైపు అద్దం

ఆగస్టు 6
కెనడాలో, అదీ విన్నిపెగ్‌లో ముప్ఫై నాలుగు డిగ్రీలు. షోరూమ్‌కి వెళ్లి సంతకం పెట్టి వచ్చాను. ఇంటి మొత్తానికీ మూడు పొరల అద్దం ఉన్న కొత్త కిటికీలు. అమ్మే ఆవిడ ఏవేవో అడిగింది — ఏ గది ఎటు వైపు, ఎండ ఎంతసేపు పడుతుంది... "ఎండ వేడి లోపలికి రాకూడదు, అన్నిటికీ అదే వేయండి" అన్నాను. వేడిని ఆపే పూత ఉన్న అద్దం ఉందట. విజయవాడలో పుట్టినవాడికి ఎండ గురించి పాఠాలు అక్కర్లేదు.
సుధ రాలేదు. "ఏదో ఒకటి, నువ్వే చూసుకో" అంది.

ఆగస్టు 11
సుధ క్యాటలాగ్ అడిగింది! తనంతట తానే. కిటికీలకి తగ్గ కర్టెన్ల రంగు వెతుకుతోంది.
పోయిన జనవరిలో తల దువ్వుకోవడానికి కూడా ఓపిక లేదనేది. ఉద్యోగానికి సెలవు పెట్టి రోజంతా పక్క మీదే. చలికాలం వెలుతురు తగ్గి వచ్చే డిప్రెషన్ అన్నారు డాక్టర్. మందులు కొంత, హాల్లో దక్షిణం కిటికీ కొంత — పదింటి నుంచి రెండింటి దాకా అక్కడి ఎండలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఫిబ్రవరి చివర్లో ఒకరోజు ఆ కుర్చీలోంచే "టీ పెడతావా?" అంది. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆగస్టు 30
పాత ఫ్రేముల కింద చెక్క పూర్తిగా చివికిపోయింది. ఏటా లోపలివైపే మంచు పేరుకుని, కరిగి, టవళ్లు కుక్కుకుంటూ... ఇక ఆ గొడవ ఉండదు.

సెప్టెంబర్ 14
రమణారావు గారు భోజనానికి వచ్చారు. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి.
"కిటికీలు మారుస్తున్నావటగా. దక్షిణానికి ఏం చెప్పావు?"
"అన్నిటికీ ఒకటే అంకుల్. ఎండ వేడిని ఆపేది."
ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఆపడమేంటయ్యా! ఇక్కడ చలికాలంలో ఆ ఎండే సగం హీటరు. మనూరి అలవాటు కొద్దీ మొదటింట్లో నేనూ అదే తెలివితక్కువ పని చేశా. వేడిని రానిచ్చే అద్దం వేరే ఉంటుంది. దక్షిణానికి అది వేయించాలి. వాళ్లు అడగలేదూ?"
అడిగారు. ఆవిడ అడిగింది. నేనే...
సుధ పెరుగు కోసం వంటింట్లోకి వెళ్లింది అప్పుడు. వినలేదనుకుంటాను.

సెప్టెంబర్ 16
కంపెనీకి ఫోన్ చేశాను. అద్దాలు కోసేశారట. దక్షిణానిది ఒక్కటి మార్చాలన్నా కొత్త ఆర్డరే. డిసెంబర్ దాటుతుంది, ఆ చలిలో గోడ తెరవడం మంచిది కాదు అన్నారు. కావాలంటే ఈ ఏడాదికి అక్కడ పాత కిటికీ ఉంచేస్తాం, శుక్రవారంలోగా చెప్పండి అన్నారు.
ఉంచేస్తే చాలు. చెక్క చివికితే చివికింది, ఎండైతే వస్తుంది. కానీ సుధ అడుగుతుంది కదా, అదొక్కటే ఎందుకు మార్చట్లేదని.

సెప్టెంబర్ 18
భోజనాల దగ్గర చెబుదామని నోరు తెరిచాను. అంతలో తనే అంది — "ఈసారి చలికాలమంటే నాకు భయం లేదు, తెలుసా."
మా కూతురు మిన్ను ఫోన్‌లోంచి తలెత్తకుండానే "దట్స్ గ్రేట్, అమ్మా" అంది.
పప్పు ఇంకొంచెం వేసుకున్నాను.

సెప్టెంబర్ 20
శుక్రవారం. సుధకి చెప్పలేదు. కంపెనీకీ చెప్పలేదు.
పిరికివాణ్ణి.

అక్టోబర్ 17
బిగించేశారు. సుధ పనివాళ్లకి అల్లం టీ ఇచ్చింది. తర్వాత కుర్చీని తనే దక్షిణం కిటికీ దగ్గరికి లాక్కుంది. "ఎంత బాగుందో! కాస్త కూడా గాలి దూరట్లేదు చూడు." చూశాను. నిజమే, దూరట్లేదు.
బయట మబ్బు. ఇవాళ్టికి గండం గడిచింది.

నవంబర్ 3
వారంగా ముసురు. పొద్దున లేవగానే ఆకాశం చూస్తున్నాను, మబ్బు కనిపిస్తే ప్రాణం కుదుటపడుతోంది. ఎండ కోసం ఎదురుచూసే మనిషి పక్కన పడుకుని మబ్బు కోసం మొక్కుకునే మొగుడు... నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది.

నవంబర్ 8
రమణారావు గారి మెసేజ్. "చెప్పావా సుధకి?" జవాబివ్వలేదు.

నవంబర్ 19
మైనస్ పద్దెనిమిది. ఒక్క మబ్బు లేదు.
పదింటికి వెళ్లి కూర్చుంది. నేను డైనింగ్ టేబుల్ దగ్గర మీటింగ్‌లో — ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క ఎక్కలేదు. పావుగంటకి శాలువా కప్పుకుంది. ఇంకాసేపటికి అద్దానికి అరచెయ్యి ఆనించింది.
"ఇంత ఎండ ఉంది... వెచ్చగా లేదేంటి?"
"కొత్త కిటికీలు కదా..." అన్నాను. అంతే వచ్చింది.
"కిటికీలకేం, బాగానే ఉన్నాయి. నాకే." శాలువా ఇంకా దగ్గరికి లాక్కుంది. "పోయినసారి కూడా ఇలాగే... ఏదీ ఒంటికి తెలిసేది కాదు. మళ్లీ మొదలైందేమో."
నీకేం కాలేదు, తప్పు నాది — ఇంతే కదా అనాల్సింది. మీటింగ్‌లో ఎవరో నా పేరు పిలిచారు, అటు తిరిగాను. పిలవకపోయినా తిరిగేవాణ్ణేమో.
ఇప్పుడు పడకగదిలో డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేస్తోంది. మందు డోసు పెంచమని అడుగుతుందట. హోల్డ్‌లో పెట్టారు, స్పీకర్‌లో ఏదో సంగీతం. తలుపు తెరిచే ఉంది. లేచి పది అడుగులు వేస్తే చాలు. రాస్తూ కూర్చున్నాను.
సంగీతం ఆగింది. "హలో" అంటోంది...