దానంతటదే నడిచే బండి

ఆదివారం, కోరుట్ల

చుట్టీకని సెలవు మీద ఇంటికొచ్చిన ప్రతిసారీ మా ఆయన దుబాయ్ నుంచి అదే బండ్ల రేసు గేమ్‌లో కొత్త భాగం తెస్తాడు. మొదటిదాంట్లో బండి నేల మీద నడిచేది. తర్వాత నీళ్లలో మునిగింది, గోడలెక్కింది. ఇప్పుడు సెట్టింగ్ పెడితే స్టీరింగ్ కూడా అదే తిప్పుకుంటుందట. ఇదట అభివృద్ధి. ఏడాదంతా అక్కడ లారీ తోలే మనిషి, ఇక్కడ బొమ్మ బండి తోలి మురిసిపోతాడు.

ఇవాళ గెలిచి, "సూసినవా, ఒక్కసారి గూడ లోయల పడలే" అని మీసం దువ్వాడు.

బిడ్డ వంటింట్లోకొచ్చి నా చెవిలో, "డాడీ ఊకె పడుతుండని, పడకుండ నేనే సెట్టింగ్ పెట్టిన. చెప్పకమ్మా" అంది.

అన్నం తిన్నాక ఆయన ఫోన్లో దోస్తుతో అంటున్నాడు: "ఇంటి ఫికర్ నాకేం లేదు. గా ఇల్లు దానంతటదే నడుస్తది."

అంట్లు తోముతున్న నా వైపు బిడ్డ చూసింది.

"నువ్వు గూడ చెప్పకు" అన్నాను.