పైనే నిలిచిన గీత

బా ఊరు, మంగళవారం రాత్రి

సిగ్గు లేకుండా ఈరోజు చెవి పరీక్షలో మోసం చేశాను. మిల్లులో క్రషింగ్, అంటే చెరకు ఆడటం, మొదలయ్యే ముందు చెరకు రైలు డ్రైవర్లందరికీ ఈ పరీక్ష ఉంటుంది. హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి కూత వినబడగానే బటన్ నొక్కమంది నర్సు. సగం కూతలు నాకు వినబడనే లేదు. కిటికీ అద్దంలో ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కాను. చెవులు పోయాయని తెలిస్తే ఇంజను దిగమంటారు. ఈ వయసులో ఇంకేం పని చేతనవును నాకు?

ఇంటికి తెచ్చిన కాగితం మా సరోజ చూసింది. గీత కిందికి జారితే వినికిడి తగ్గినట్టట. నా గీత పైనే ఉంది.

"నాయనా, నీ కాన్ ఏక్‌దమ్ ఠీక్, చెవులు బాగున్నాయని రాసినారు," అని అరిచి చెప్పింది. ఆ తర్వాత నా వంక చూడలేదు.

పోయిన ఏడు మా ఆవిడ స్నానాల గదిలో పడి, తుంటి విరిగి, చాలాసేపు నన్ను పిలిచింది. నేను వరండాలోనే కూర్చుని ఉన్నాను. ఇంజను మోతకు చెవులు పోయాయి, పాపం, ఆయనేం చేస్తాడని తల్లీకూతుళ్లిద్దరూ సరిపెట్టుకున్నారు.

ఇవాళ మంచం మీది నుంచే అడిగింది, "అయితే ఆ పొద్దు నా కేక వినబడిందా?"

ఆ మాట కూడా నాకు వినబడలేదు. పెదవులు చూసి తెలుసుకున్నాను. నిజం నోటిదాకా వచ్చింది. ఇంజను గుర్తొచ్చి తల దించుకున్నాను.